గట్టెక్కడమూ, అడవి దాటడమూ

ఇంగ్లీషు నేర్చుకునేవాడికి మొదట వ్యాకరణం అడ్డం వస్తుంది. దాన్ని ఎలాగో లొంగదీసుకుంటే స్పెల్లింగు అడ్డం వస్తుంది. ఆ రెండూ దాటి, హమ్మయ్య అని నడుం వాల్చేవేళకు అసలు చిక్కు ఎదురవుతుంది. అదే వాళ్ల నుడికారం. వాక్యంలో ప్రతి మాటా తెలిసినదే, మొదటి వాచకంలో చదువుకున్నదే. కాని అన్నీ కలిపి చదివితే అర్థం మాత్రం గోడ దూకి పారిపోతుంది.

ముప్పయి రెండేళ్లు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయినవాణ్ణి నేను. ఈ పారిపోయే అర్థాల వెంట పరుగెత్తడమే నా ఉద్యోగమని చెప్పినా తప్పులేదు. ఒకసారి తొమ్మిదో తరగతిలో, మామయ్య మేనల్లుడి ‘లెగ్ పుల్’ చేశాడు అనే వాక్యం ఇచ్చి అర్థం రాయమన్నాను. సగంమంది, మామయ్య కాలు పట్టుకు లాగితే మేనల్లుడు పడిపోయాడని రాశారు. పడ్డాక మోకాలు చెక్కుకుపోయిందని ఒకడు తన సొంత బాధ కూడా కలిపాడు. తక్కిన సగంమంది మరీ తెలివైనవాళ్లు. మామయ్య మేనల్లుడి కాళ్లు పట్టుకుని బతిమాలుకున్నాడని రాశారు! నేనా కాగితాలు చూసి నవ్వాను గాని, ఆలోచిస్తే ఆ పిల్లలది తప్పేముంది చెప్పండి? మన ఇళ్లల్లో కాళ్లు పట్టుకునేది పనిబడినవాడు. వాళ్ల భాషలో కాలు లాగేది వేళాకోళానికి. కాలు ఒకటే, పట్టుకున్న ఉద్దేశం వేరు.

ఈ అవస్థ మనకే గాని వాళ్లకు లేదనుకోకండి. తెలుగు నేర్చుకున్న దొరలు మన మాటలు చూసి ఎంత తల గోక్కున్నారో! ‘నా తల తినకు’ అంటాం. ఇద్దరు గుసగుసలాడుకుంటే ‘చెవులు కొరుక్కుంటున్నారు’ అంటాం. ఒకడికి ఒక పని బాగా చేతనైతే అది వాడికి ‘వెన్నతో పెట్టిన విద్య’. వీటిని మాటకు మాట ఇంగ్లీషులోకి దింపితే మనం నరమాంస భక్షకులమనీ, విద్యను రొట్టె మీద రాసుకు తినేవాళ్లమనీ అనుకోవలసి వస్తుంది. బ్రౌన్ దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేశాడంటే, ఇలాంటి ఎన్ని ముళ్లు విప్పుకుని ఉంటాడో ఊహించుకోండి. కార్ అనే సైనికాధికారి మన సామెతలు ఏరి, ఇంగ్లీషు అర్థాలతో 1868లో మద్రాసులో ఒక పుస్తకమే వేశాడు. ఇంగ్లండులో బ్రూవర్ అనే ఆయన వాళ్ల పలుకుబళ్లకూ, పుట్టుపూర్వోత్తరాలకూ నిఘంటువు వేసింది 1870లో. అంటే రెండేళ్ల ముందే మన సామెతలకు పుస్తకం ఉందన్నమాట.

ఇంతకూ ఈ నుడికారం ఎక్కడినుంచి వస్తుంది? ఏ జాతి ఏ పని చేసి బతికిందో, దేనికి భయపడిందో, దేనికి మురిసిందో అక్కడినుంచి వస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఇంగ్లండు చుట్టూ సముద్రం. వాళ్ల బతుకు ఓడల మీద గడిచింది. తెరచాప ఓడలో బోలెడన్ని తాళ్లుంటాయి. ఏ తాడు ఏ తెరచాపదో తెలిసినవాడే పనివాడు. అందుకని ఒక పనిలో ఆనుపానులు తెలిసినవాడు ‘నోస్ ది రోప్స్’. ఎదురుగాలి కొట్టి తెరచాప వెనక్కి స్తంభానికి అతుక్కుపోతే ఓడ ఉన్నపాటున నిలబడిపోతుంది. దానిమీదనే, అనుకోని మాట విని నివ్వెరపోయినవాణ్ణి ‘టేకెన్ అబాక్’ అన్నారు. మనం అలాంటివాణ్ణి ‘కొయ్యబారిపోయాడు’ అంటాం. వాళ్లకు ఓడ ఆగిపోయింది, మనకు మనిషి కొయ్య అయిపోయాడు.

న్యూకాసిల్ అనే ఊరినుంచి లండనుకు బొగ్గు ఓడల మీద వెళ్లేది. ఆ ఊరికే బొగ్గు మోసుకుపోయేవాడు ఎంత తెలివితక్కువవాడు! అక్కరలేని చోటికి అక్కరలేని సరుకు చేరవేయడాన్ని పదిహేడో శతాబ్దం నుంచీ వాళ్లు ‘న్యూకాసిల్‌కు బొగ్గు మోయడం’ అంటున్నారు. మన దేశంలో హిందీవాళ్లు ‘బరేలీకి వెదుళ్లు మోయడం’ అంటారు. ఊరు మారింది, సరుకు మారింది, తెలివితక్కువతనం మారలేదు.

రొట్టెలు కాల్చేవాడి డజను కథ ఇంకా బాగుంటుంది. ‘బేకర్స్ డజన్’ అంటే పన్నెండు కాదు, పదమూడు. ఇంగ్లండులో 1266 నాటి చట్టం ప్రకారం తూకం తగ్గించి రొట్టెలు అమ్మినవాడికి శిక్ష పడేది. ఎందుకొచ్చిన గొడవ అని రొట్టెలవాళ్లు డజనుకు ఒకటి ఎక్కువే వేసేవారని చెబుతారు. ఇది చదివినప్పుడు మా ఆవిడ, ‘ఓస్, కొసరేగా! దానికింత కథా?’ అంది. నిజమే. మన కూరగాయలమ్మి చట్టానికి భయపడి కొసరు వేయదు. ‘కొసరు వెయ్యవే’ అన్నందుకు నాలుగు పచ్చిమిరపకాయలో, రెండు కరివేపాకు రెబ్బలో వేస్తుంది. వాళ్ల పదమూడో రొట్టె భయంలో పుట్టింది. మన కొసరు బేరంలో పుట్టింది.

ఇక చలీ, వేడీ సంగతి చూడండి. చలిదేశంలో వెచ్చదనమే వరం. అతిథిని ఆదరిస్తే ‘వార్మ్ వెల్కమ్’. ముఖం చాటేస్తే ‘కోల్డ్ షోల్డర్’. కొత్తవాళ్ల మధ్య బిగువు సడలించి మాట కలిపితే ‘బ్రేక్ ది ఐస్’, అంటే మంచుగడ్డ పగలగొట్టడం. మన సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. మనకు చల్లదనమే దీవెన. ‘నీ కడుపు చల్లగా’ అంటాం. ‘చల్లగా ఉండు నాయనా’ అంటాం. అమ్మవారిని చల్లనితల్లి అంటాం. కోపం వస్తే ఒళ్లు మండుతుంది, అసూయ పడితే కడుపు మండుతుంది. అక్షరాలా ‘వెచ్చని స్వాగతం’ అని అనువాదం చేసి, పల్నాడులో రెంటచింతలకు మే నెలలో వెళ్లిన అతిథికి చెప్పి చూడండి. ఆయన మళ్లీ మీ గడప తొక్కితే ఒట్టు! మన పత్రికలవాళ్లు ‘ఘనస్వాగతం’ అన్నారంటే ఊరికే అనలేదు.

కొన్ని చోట్ల రెండు జాతులూ ఒకే ఆలోచన చేశాయి. అన్నీ తెలిసిన పెద్దవాళ్లకు కుర్రకుంక పాఠం చెప్పబోతే, ఇంగ్లీషువాడు ‘అమ్మమ్మకు గుడ్డు జుర్రడం నేర్పుతున్నాడు’ అంటాడు. మనం ‘తాతకు దగ్గు నేర్పుతున్నాడు’ అంటాం. అక్కడ అమ్మమ్మ, ఇక్కడ తాత. మనవలు మాత్రం అన్ని దేశాల్లోనూ ఒకటే.

మరికొన్ని చోట్ల మాట ఒకటిగా కనిపించి అర్థం దారి తప్పిస్తుంది. ఇవే ప్రమాదకరమైనవి సుమా. ‘బర్న్ వన్స్ బోట్స్’ అని ఉంది. పడవలు తగలబెట్టుకోవడం. అది చూడగానే మనకు ‘ఏరు దాటి తెప్ప తగలేయడం’ గుర్తుకొస్తుంది. రెండింటిలోనూ పడవే కాలుతోంది కదా అని ఒకదాని పక్కన ఒకటి రాసేస్తాం. కాని మన తెప్ప తగలేసినవాడు కృతఘ్నుడు. సాయం చేసినవాళ్లను పని తీరగానే మరిచిపోయినవాడు. వాళ్ల పడవలు తగలబెట్టుకున్నవాడు తెగించినవాడు. పరాయి తీరంలో దిగిన సేనానాయకుడు, సైనికులు వెనక్కి పోయే ఊహ మానుకోవాలని తన ఓడలను తానే కాల్చివేసే సందర్భం అది. పొరపాటున ఒకదాని బదులు ఒకటి వాడితే ధైర్యశాలి కాస్తా ద్రోహి అయిపోతాడు.

వాళ్లలో వాళ్లకే ఈ తిప్పలున్నాయి. ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే ఇంగ్లండులో చర్చకు పెట్టడం. అమెరికాలో చర్చించకుండా పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులూ చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశాడు. తీరా చూస్తే ఇద్దరూ కోరుతున్నది ఒకటే! ఒకే భాష మాట్లాడే మిత్రులకే అలా జరిగితే మనబోటివాళ్ల సంగతి చెప్పాలా?

అర్థం తెలిస్తే చాలదు, మర్యాద కూడా తెలియాలి. ‘కిక్ ది బకెట్’ అంటే చనిపోవడం. గ్రోస్ అనే ఆయన 1785లో వేసిన మోటుమాటల నిఘంటువులోనే ఇది ఉంది. దీన్నే మనవాళ్లు ‘బాల్చీ తన్నేశాడు’ అని తెలుగు చేసుకున్నారు. అది ఎవరి దగ్గర, ఎవరి గురించి అనాలో తెలుగులో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తండ్రి పోయిన స్నేహితుడికి ‘మీ నాన్నగారు బాల్చీ తన్నేశారని తెలిసి విచారిస్తున్నాను’ అని ఉత్తరం రాసే మొనగాడు లేడు. ‘పరమపదించారు’ అంటాం, ‘కాలం చేశారు’ అంటాం. ఈ జాగ్రత్త ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఎగిరిపోతుంది. కొత్తగా నేర్చుకున్న పలుకుబడి కొత్త చొక్కాలాంటిది. ఎక్కడికి వేసుకుపోవాలో చూసుకోకుండా తొడిగేస్తాం.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. నవ్వులాట కాని సందర్భం ఒకటి మా పక్కింట్లో జరిగింది.

2018 చలికాలంలో పక్కింటివారి అబ్బాయికి అమెరికాలో కారు ప్రమాదం జరిగింది. పెళ్లి కాలేదు. వాడితో కలిసి గదిలో ఉండే స్నేహితుడు ఉత్తరాది కుర్రవాడు. తెలుగు రాదు. వీళ్లకు హిందీ రాదు. ఇద్దరికీ మధ్య ఇంగ్లీషే. డాక్టర్లు తనతో చెప్పిన మాటలను ఆ కుర్రవాడు అలాగే ఫోనులో చెబుతున్నాడు. పక్కింటాయన రెవిన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆఫీసు ఇంగ్లీషులో ఆయన్ను తప్పు పట్టగలవాడు లేడు.

ఆ రాత్రి పదిన్నరకు ఆయన మా తలుపు తట్టారు. ముఖంలో కొంత తేటదనం ఉంది. ‘మాస్టారూ, ఫర్వాలేదట. డాక్టరు వచ్చి ముట్టుకు చూసి వెళ్లాడట. టచ్ అండ్ గో అని చెప్పాడు ఆ అబ్బాయి’ అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ‘టచ్ అండ్ గో’ అంటే ముట్టుకు వెళ్లడం కాదు. ఓడ అడుగు నేలను రాసుకుంటూ రాసుకుంటూ పోవడం నుంచి వచ్చిందంటారు. ఇరుక్కుపోతే ఓడ బద్దలవుతుంది, జారిపోతే బతుకుతుంది. ఏమవుతుందో చెప్పలేని క్షణమది. లోపల ఆ తల్లి దేవుడి ముందు దీపం పెట్టి కూర్చుంది. ఈయన కొంచెం తేలికపడి నా ఎదుట నిలబడ్డారు. చెప్పకపోతే ఒక్క రాత్రయినా కంటినిండా నిద్రపోతారు. చెబితే ఇద్దరికీ కునుకుండదు. కాని తెల్లారేసరికి అక్కడినుంచి ఏ కబురు వస్తుందో ఎవరికి తెలుసు?

ఆయన్ను వీధి అరుగు మీద కూర్చోబెట్టి మెల్లగా చెప్పాను. ‘ఆ మాటకు అర్థం వేరండీ. ఇంకా అటో ఇటో తేలలేదని చెబుతున్నారు.’ ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘ఆవిడకు ఇప్పుడు చెప్పకండి మాస్టారూ’ అన్నారు. లేచి, నా ఫోను తీసుకుని ఆ కుర్రవాడికి చేశారు. డాక్టరుతో నేరుగా మాట్లాడించమన్నారు. గొంతు సవరించుకుని, పలుకుబళ్లేమీ లేని మామూలు ఇంగ్లీషులో మూడు ప్రశ్నలు అడిగారు. ప్రాణానికి ప్రమాదం ఉందా? ఎప్పటికి తెలుస్తుంది? మేము బయలుదేరి రావాలా? డాక్టరు కూడా మామూలు మాటల్లోనే జవాబు చెప్పాడు. మొదటిదానికి, ఉంది. రెండోదానికి, రెండు రోజులు. మూడోదానికి, ప్రయాణానికి సిద్ధంగా ఉండండి. ఆ రాత్రే ఆయన బెంగుళూరులో ఉన్న పెద్దల్లుడికి చెప్పి వీసా సంగతి కనుక్కోమన్నారు. ఆ మాట అర్థం కాకుండా ఉంటే ఆ రెండు రోజులూ చేతులు ముడుచుకు కూర్చునేవారే.

మూడోనాటి ఉదయం ఫోను ఆవిడే ఎత్తారు. పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చారు. ‘అన్నయ్యగారూ, వుడ్స్ అంటున్నాడేమిటి? అడవి కాదూ? మావాడు ఆసుపత్రిలో గదా ఉన్నాడు, అడవేమిటి?’ అని ఏడుస్తున్నారు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. నేను అందుకుని విన్నాను. ‘హి ఈజ్ అవుట్ ఆఫ్ ది వుడ్స్’ అని ఆ కుర్రవాడు మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. వాడి గొంతులోనూ ఏడుపే.

‘గట్టెక్కాడమ్మా’ అన్నాను.

అంతే. ఆవిడ ఉన్నచోటనే కూలబడిపోయారు. ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క మాటకు వివరణ అక్కరలేకపోయింది.

తరవాత ఆ రెండు మాటల గురించీ చాలాకాలం ఆలోచించాను. గండం తప్పినవాణ్ణి ఇంగ్లీషువాడు అడవి దాటించాడు. మనం గట్టెక్కించాం. వాళ్ల పెద్దలకు దారి తెలియని చీకటి అడవి భయం. అందులోనుంచి బయటపడి ఆకాశం చూసినప్పుడు ప్రాణం కుదుటపడేది. మన పెద్దలకు గోదావరి, కృష్ణ, పెన్న వరదల భయం. పుట్టి మునిగితే ప్రాణం పోయేది. ‘పుట్టి మునిగిపోలేదులే’ అని ఇవాళ్టికీ అంటూనే ఉన్నాం. అరిపాదానికి గట్టు మీది మట్టి తగిలితేనే బతికినట్టు. భయాలు వేరయినా, భయం తీరాక విడిచే నిట్టూర్పు ఒకటే. అనువాదం చేయవలసింది అడవిని కాదు, ఆ నిట్టూర్పును.

కాబట్టి పలుకుబళ్లు నేర్చుకునేవాళ్లకు ఈ ముసలి మాస్టరు చెప్పేది మూడే మాటలు. ఒకటి, వినేటప్పుడు ఎన్ని తెలిస్తే అంత మంచిది. జాబితాలు బట్టీ పట్టకండి. అది పుట్టిన చోటు ఓడా, చలా, పొలమా, వంటిల్లా కనుక్కోండి. ఆ బొమ్మ కళ్ల ముందుంటే అర్థం మరిచిపోరు. రెండు, మాట్లాడేటప్పుడు తక్కువ వాడండి. వాడితే ఉన్నది ఉన్నట్టు వాడండి. కుండపోత వానను వాళ్లు ‘క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటారు. మీకు కుక్కంటే ఇష్టమని దాన్ని ముందు పెట్టడానికి వీల్లేదు. మూడు, వైద్యం, డబ్బు, ఉద్యోగం, కోర్టు, ఈ నాలుగు చోట్లా ఎదుటివాడు పలుకుబడి వాడితే మొహమాటపడకండి. ‘మామూలు మాటల్లో చెప్పండి’ అని అడగండి. అది అజ్ఞానం కాదు. పక్కింటాయన అడిగిన మూడు ప్రశ్నలకన్నా మంచి ఇంగ్లీషు నేనింతవరకు వినలేదు.

పరాయి నుడికారం మన భాషలోకి వస్తే కొంప మునుగుతుందని కూడా నేననుకోను. ‘టీ కప్పులో తుఫాను’ ఇంగ్లీషునుంచే వచ్చింది. మన పత్రికల్లో హాయిగా కాపురం చేస్తోంది. ఆమాటకొస్తే రెండువేల ఏళ్లకు ముందే రోములో సిసిరో, గరిటెలో కెరటాలు లేపడం అని రాశాడు. గరిటె కప్పు అయింది. అమెరికావాళ్ల దగ్గర కప్పు కూడా పోయి టీ పాట్ అయింది. ‘తెల్ల ఏనుగు’ సయాము కథనుంచి ఇంగ్లీషు మీదుగా వచ్చి, మన ప్రభుత్వ పథకాల పక్కన కట్టేయబడింది. ఇవన్నీ ఇంటికి వచ్చిన కోడళ్లు. రానివ్వండి.

నా బెంగల్లా ఇంట్లో పుట్టిన ఆడపడుచుల గురించే. మా మనవరాలికి పదకొండేళ్లు. లెక్క తేలిగ్గా ఉంటే ‘పీస్ ఆఫ్ కేక్’ అంటుంది. అనవద్దని నేను చెప్పను. చక్కగా అంటుంది, చోటెరిగి అంటుంది. కాని ‘నల్లేరు మీద బండి నడక’ అంటే దానికి తెలియదు. నల్లేరు చూడలేదు, ఎడ్లబండి ఎక్కలేదు. మెత్తటి తీగ మీద చక్రం ఎలా సాఫీగా సాగిపోతుందో చెబితే కళ్లింత చేసుకుని విన్నది. కంచే చేను మేయడమూ, గోరుచుట్టు మీద రోకటిపోటూ, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగరడమూ, ఇవన్నీ చెప్పాలంటే ముందు కంచె, రోకలి, ఉట్టి బొమ్మ గీసి చూపించవలసి వచ్చింది. వస్తువు ఇంట్లోనుంచి వెళ్లిపోయిన తరవాత మాట ఎన్నాళ్లుంటుంది? మాట పోతే పోయింది, రోట్లో దంచడం కూడా పోయిందిగా అంటారేమో. రోకలి పోతే మిక్సీ వచ్చింది. ‘గట్టెక్కాడమ్మా’ పోతే దాని చోట ఏం వస్తుంది? ఆ ఉదయం ఆ తల్లికి అడవి కథ అంతా చెబుతూ కూర్చోవలసి వచ్చేది.

అందుకని మా ఇంట్లో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. మనవరాలి నోటుబుక్కులో పేజీకి మధ్యన ఒక గీత గీశాం. ఎడమవైపు అది బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు పలుకుబడి రాస్తుంది. కుడివైపు దానికి సరిపోయే మన మాట వాళ్ల బామ్మనడిగి రాస్తుంది. బామ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మనవరాలికి తెలుగు అంతంతమాత్రం. ఇద్దరూ కలిసి అర్థం కోసం వాదించుకుంటూ ఉంటే వంట ఆలస్యమవుతోంది. ఇప్పటికి నలభై మూడు పేజీలు నిండాయి. కొన్నిచోట్ల కుడివైపు ఖాళీగానే ఉంది. మొన్న ఒక పేజీలో మాత్రం ఎడమవైపు ఖాళీ ఉండి, కుడివైపు ‘నీ కడుపు చల్లగా’ అని గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. కింద చిన్నగా, ‘దీనికి ఇంగ్లీషు దొరకలేదు’ అని రాసుకుంది.